కేస్ స్టడీ: ఆడా మగా తేలని బిడ్డ. శరీరం అడిగే ప్రశ్న, సమాజం అడిగే ప్రశ్న

ఇది ఒక్క బిడ్డ కేసు కాదు. కాంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియాతో పుట్టిన పిల్లల విషయంలో తెలంగాణలోని ఒక జిల్లా ఆసుపత్రిలో మామూలుగా ఏ రోజు ఏం జరుగుతుందో, ఎక్కడెక్కడ తప్పుతుందో అంతా ఒక్క బిడ్డకు జరిగినట్టు కూర్చి రాశాం. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథికి పుట్టుకతో వచ్చే ఆ జబ్బును ఇకపై సీఏహెచ్ అందాం. చదివేది పీహెచ్‌సీ డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, కౌన్సెలర్లు అనుకుని రాసింది కాబట్టి మోతాదులు కూడా ఇచ్చాం. వాటిని చూసి ఇంట్లో మందు మార్చుకోకూడదు.

సెక్స్ అంటే శరీరం, జెండర్ అంటే సమాజం ఇచ్చే స్థానం, మనిషి తనను తాను ఎరిగే తీరు అని పాఠంలో రెండు వాక్యాల్లో చెప్పేస్తారు. కాన్పు వార్డులో ఈ రెండూ ఒకే ప్రశ్నగా వస్తాయి: "ఏం బిడ్డ?" ఆ ఒక్క ప్రశ్నలో నిజానికి నాలుగున్నాయి. ఈ శరీరంలో ఏముంది, దానివల్ల ప్రాణానికి ముప్పుందా? రికార్డులో ఏం రాయాలి? ఇంట్లో ఎవరుగా పెంచాలి? ఎదిగాక ఆ మనిషి తనను ఎవరనుకుంటుంది? ఒక్కోదానికి సాక్ష్యం వేరు, జవాబు దొరికే సమయం వేరు. ఒకదాని జవాబు తెచ్చి ఇంకోదానికి అతికించినప్పుడల్లా బిడ్డకు నష్టం జరుగుతుంది. ఈ కేసంతా అదే.

మొదటి రెండు రోజులు

నెలలు నిండిన కాన్పు, బరువు 2.9 కిలోలు, పుట్టగానే గట్టిగా ఏడ్చింది. తల్లికి 22 ఏళ్లు, సొంత మేనమామనే చేసుకుంది. అంటే ఆమెకు అమ్మమ్మే అత్త. నర్సు చూసి మగబిడ్డ అని చెప్పింది. అరగంటలో వార్డు బయట స్వీట్లు పంచారు, ఊరికి ఫోన్లు వెళ్లాయి. కంప్యూటర్ దగ్గర కూర్చున్న ఆపరేటరు కూడా అదే నమోదు చేశాడు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డయితే 12,000 రూపాయలు, ఆడబిడ్డయితే 13,000 ఇచ్చేవారు. కాబట్టి ఆ గడి అదే రోజు నిండేది. ఒక్క చూపుతో చెప్పిన మాట గంటలోపే మూడు చోట్ల నమోదైపోయింది: ఇంట్లో, ఊళ్లో, సర్కారు లెక్కలో.

రెండో రోజు రౌండ్‌లో పిల్లల డాక్టరు లంగోటా విప్పి చూశారు. అంగాన్ని మెల్లగా సాగదీసి స్కేలుతో కొలిస్తే 2.2 సెంటీమీటర్లు. నెలలు నిండిన మగబిడ్డకు కనీసం 2.5 ఉండాలి, ఆడబిడ్డకు 1 సెంటీమీటరు దాటకూడదు. మూత్రం కొన నుంచి కాక అడుగున, మొదట్లో ఉన్న చిన్న రంధ్రం నుంచి వస్తోంది. ఉన్న రంధ్రం అదొక్కటే. సంచిలాంటి చర్మం ముడతలు పడి ఉంది, మిగతా ఒంటికంటే బాగా నల్లగా ఉంది. బయటి భాగాలు ఎంతవరకు మగ రూపులోకి వచ్చాయో 1 నుంచి 5 దాకా చెప్పే ప్రేడర్ కొలబద్ద మీద ఇది 4వ దశ.

వీటన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇంకొకటి: సంచిలో వృషణాలు లేవు. చేయి వెచ్చగా చేసుకుని, వేళ్లకు కాస్త జెల్లీ రాసుకుని, తుంటి ఎముక దగ్గర నుంచి గజ్జ మీదుగా సంచి వరకు మెల్లగా జార్చుకుంటూ రావాలి. గజ్జలో ఉంటే వేళ్లకింద జారుతుంది. రెండు వైపులా ఏమీ తగల్లేదు. ఈ ఒక్క గుర్తు చాలు. బయటికి ఎంత మగబిడ్డలా కనిపించినా, రెండు వృషణాలూ చేతికి అందకపోతే, సీఏహెచ్ కాదని తేలేదాకా మగబిడ్డ అనకూడదు. కాన్పు గదిలో గోడకు అంటించాల్సిన వాక్యం ఏదైనా ఉంటే ఇదే.

తర్వాత అడగాల్సింది ముందటి కాన్పుల సంగతి. ఎంతమంది పిల్లలు అని అడిగితే బతికున్నవాళ్ల లెక్కే చెప్తారు. "నెల తిరగకుండా పోయిన బిడ్డలున్నారా" అని విడిగా అడగాలి. ఈ తల్లికి రెండేళ్ల కింద ఒక మగబిడ్డ పుట్టి, 16వ రోజు వాంతులతో పోయాడు. "పాలు పడలేదన్నరు సార్" అంది. ఆ బిడ్డకూ ఇదే జబ్బు ఉండి ఉండాలి. సీఏహెచ్ ఉన్న మగబిడ్డ పుట్టినప్పుడు చూడటానికి మామూలుగానే ఉంటాడు, ఎవరికీ అనుమానం రాదు. రెండో వారంలోనో మూడో వారంలోనో వాంతులు, విరేచనాలు అనుకుంటూ చనిపోతాడు. ఈ బిడ్డను కాపాడింది తేలని రూపమే.

వార్డులో ఏం మాట్లాడాలి

ఆ రోజే తల్లిని, తండ్రిని ఇద్దరినీ కూర్చోబెట్టి, బిడ్డను తల్లి చేతిలో ఉంచే మాట్లాడాలి. తండ్రిని పక్కకు పిలిచి గుసగుసగా చెప్పడం చాలాచోట్ల అలవాటు. దాంతో తల్లికి తన తప్పేదో దాస్తున్నారనిపిస్తుంది. చెప్పాల్సింది ఇంతే: "బిడ్డ ఇప్పుడు బాగానే ఉంది. కింది భాగాలు కడుపులో ఉన్నప్పుడు పూర్తిగా ఏర్పడలేదు, అందుకే చూసి చెప్పలేకపోతున్నాం. నిన్న చెప్పింది తొందరపడి చెప్పిన మాట. రక్తపరీక్షలు, స్కానింగు చేసి రెండు వారాల్లో కచ్చితంగా చెప్తాం. అప్పటిదాకా పేరు ఆపండి. ఎవరడిగినా బిడ్డకు ఉప్పు పరీక్షలు జరుగుతున్నాయని చెప్పండి."

చెప్పకూడనివి: "ఎక్కువ శాతం మగే అయ్యుండొచ్చు", "రెండూ ఉన్నాయి", "రెండూ కాదు". మొదటిది తర్వాత వెనక్కి తీసుకోలేరు. మిగతా రెండు ఆ తల్లి చెవిలో జీవితాంతం మోగుతాయి. వార్డులో అందరూ ఒకే మాట వాడాలి, బిడ్డ అని. ఆయమ్మ "బాబుకు పాలు పట్టు" అన్నా, నర్సు "పాప ఏడుస్తోంది" అన్నా మొత్తం కౌన్సెలింగు వృథా. పడక మీద చీటీలో తల్లి పేరుతోనే రాయాలి. ఫొటోలు తీయకూడదు. హౌస్ సర్జన్లంతా వచ్చి ఒకరి తర్వాత ఒకరు లంగోటా విప్పి చూడటం ఆపాల్సింది యూనిట్ చీఫే, ఇంకెవరి వల్లా కాదు.

ఇంటి పెద్దావిడ భయం ఇంకోటి. ఎక్కడా పైకి అనదు, మూడో రోజు ఏ నర్సునో పట్టుకుని అడుగుతుంది: "హిజ్రాలొచ్చి తీస్కపోతరా బిడ్డా?" దీనికి కోప్పడకుండా, నవ్వకుండా జవాబివ్వాలి. ఎవరూ తీసుకెళ్లరు. ట్రాన్స్‌జెండర్ మనుషుల్లో చాలామందికి పుట్టినప్పుడు శరీరంలో తేడా ఏమీ ఉండదు. పుట్టినప్పుడు రాసింది ఒకటి, తాము ఎరిగింది ఇంకొకటి కావడం వాళ్ల సంగతి. ఈ బిడ్డది శరీరం ఏర్పడటంలో వచ్చిన తేడా. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ఈ ఇద్దరినీ ఒకే నిర్వచనంలో చేర్చింది, అందుకని చదువుకున్నవాళ్లు కూడా కలిపేస్తుంటారు. ఆ మనుషులను కించపరచకుండా ఈ తేడా చెప్పడం కౌన్సెలర్ బాధ్యత.

శరీరంలో లింగం ఒక్కచోట ఉండదు

పిండానికి ఆరు వారాలు వచ్చేదాకా ఆడైనా మగైనా నిర్మాణం ఒకటే. వై క్రోమోజోము మీద ఎస్‌ఆర్‌వై జన్యువు ఉంటే బీజగ్రంథి వృషణం అవుతుంది, లేకపోతే అండాశయం అవుతుంది. వృషణం ఒక హార్మోనుతో గర్భాశయం ఏర్పడకుండా ఆపుతుంది, టెస్టోస్టెరోన్‌తో మగ నాళాలను నిలబెడుతుంది. ఆ టెస్టోస్టెరోన్ ఇంకో రూపంలోకి మారి బయటి అంగాన్ని తీర్చుతుంది. క్రోమోజోములు, బీజగ్రంథులు, హార్మోన్లు, లోపలి అవయవాలు, బయటి అవయవాలు: ఈ ఐదూ చాలామందిలో ఒకే వైపు ఉంటాయి గనక ఐదింటినీ కలిపి ఒక్క మాటతో పిలుస్తున్నాం. నర్సు చూసింది ఐదోదాన్ని మాత్రమే.

సీఏహెచ్‌లో తప్పు 6వ క్రోమోజోము మీద ఉన్న సీవైపీ21ఏ2 జన్యువుది. లింగ క్రోమోజోములతో దానికి సంబంధమే లేదు. ఆ జన్యువు పని చేయకపోతే అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ తయారు చేయలేదు. కార్టిసాల్ రావట్లేదని మెదడు గ్రంథిని ఇంకా ఇంకా తోలుతుంది. ముడిసరుకంతా మగ హార్మోన్ల వైపు మళ్లుతుంది. మామూలుగా ఆడపిల్లల్లో ఉండే ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములున్న పిండానికి బయటి భాగాలు ఏర్పడే సమయంలోనే ఇది జరుగుతుంది కాబట్టి బయట మగ రూపు వస్తుంది. లోపల వృషణం లేదు, గర్భాశయాన్ని ఆపే హార్మోనూ లేదు. అందుకని గర్భాశయం, అండాశయాలు మామూలుగానే ఉంటాయి. క్లాసికల్ అనే తీవ్రమైన రకంలో నలుగురిలో ముగ్గురికి ఉప్పును ఒంట్లో నిలిపే ఆల్డోస్టెరోన్ కూడా చాలదు, ఒంట్లో ఉప్పు మూత్రంలో పోతూనే ఉంటుంది. చంపేది అదే.

ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ కేంద్రాలుగా ఐసీఎంఆర్ లక్షకు పైగా శిశువులను పరీక్షించినప్పుడు 5,762 మందికి ఒకరిలో ఈ జబ్బు కనిపించింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు వస్తేనే జబ్బు వస్తుంది. మేనరికాలున్న ఇళ్లలో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ.

పరీక్షలు, అవి ఎక్కడ తప్పుతాయి

కార్టిసాల్ కాలేక రక్తంలో పేరుకుపోయే ముడిసరుకును కొలిచే 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరోన్ పరీక్ష అసలు ఆధారం. పుట్టిన 48 గంటల్లోపు తీస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకూ ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి మూడో రోజు తీయాలి. నెలలు నిండకుండా పుట్టినా, వేరే జబ్బుతో ఉన్నా అంకె పెరుగుతుంది. ఈ కేసులో మూడో రోజు రక్తం హైదరాబాద్ ల్యాబుకు పంపారు, ఎనిమిదో రోజుకు రిపోర్టు వచ్చింది: డెసీలీటరుకు 24,000 నానోగ్రాములు. 10,000 దాటితే క్లాసికల్ సీఏహెచ్ అని దాదాపు ఖాయం.

క్యారియోటైపుకు, అంటే క్రోమోజోముల పరీక్షకు, 2 మిల్లీలీటర్ల రక్తం, సోడియం హెపారిన్ ట్యూబులో. జిల్లాల నుంచి వచ్చే నమూనాలు చెడేది ఇక్కడే. అలవాటు కొద్దీ ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తారు, కణాలు పెరగవు, పది రోజుల తర్వాత మళ్లీ పంపమని ఫోను వస్తుంది. నమూనాను ఐసు మీద గడ్డకట్టించి పంపినా అంతే.

స్కానింగులో గర్భాశయం ఉందా లేదా చూడాలి. పుట్టిన మొదటి రోజుల్లో తల్లి హార్మోన్ల ప్రభావంతో గర్భాశయం కాస్త ఉబ్బి తేలిగ్గా కనిపిస్తుంది, తర్వాత చిన్నదైపోతుంది. కాబట్టి వారం ఆగకూడదు. బిడ్డ మూత్రం పోయకముందే, నిండిన మూత్రాశయంతోనే చూడాలి. "గర్భాశయం కనిపించలేదు" అనే రిపోర్టుకు అర్థం కనిపించలేదని మాత్రమే, లేదని కాదు. ఈ కేసులో మొదటి రిపోర్టు అలాగే వచ్చింది. మూడో రోజు పాలు పట్టించి గంట తర్వాత మళ్లీ చూస్తే స్పష్టంగా కనిపించింది.

సోడియం, పొటాషియం: మూడో రోజున 137, 5.3. మామూలే. ఇక్కడే కుటుంబం ఇంటికి పోతామంటుంది, పడకలు చాలని వార్డూ సరేనంటుంది. ఆపాలి. ఉప్పు జారడం మొదటి వారం చివర మొదలై, రెండు మూడు వారాల మధ్య ముదురుతుంది. మొదటి రోజుల్లో అంకెలు బాగుండటం దేనికీ రుజువు కాదు. రోజూ బరువు చూడాలి, నాలుగో రోజు నుంచి రోజు విడిచి రోజు ఎలక్ట్రొలైట్లు చూడాలి. ఐదో రోజుకు బరువు పెరగడం మొదలవ్వాలి. ఈ బిడ్డకు పెరగలేదు. ఎనిమిదో రోజు పొద్దున పాలు తాగడం మందగించింది, రెండుసార్లు కక్కింది. బరువు 2.58 కిలోలు, సోడియం 124, పొటాషియం 7.1. వాంతులయ్యే పెద్దపిల్లలకు పొటాషియం తగ్గుతుంది. పసిబిడ్డ కక్కుతూ సోడియం తగ్గి పొటాషియం పెరిగిందంటే అది కడుపు జబ్బు కాదు, అడ్రినల్ జబ్బని చూడాలి.

చికిత్సకు రిపోర్టు కోసం ఆగే పని లేదు. నమూనా ముందే తీసి ఉంటే సరే. లేకపోతే సూది పెట్టినప్పుడే 3 మిల్లీలీటర్లు తీసి పక్కన పెట్టి వెంటనే మొదలుపెట్టాలి. నార్మల్ సెలైన్ కిలోకు 20 మిల్లీలీటర్లు, కార్టిసాల్ బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ 25 మిల్లీగ్రాములు నరంలోకి ఒక్కసారిగా. షుగర్ తగ్గి ఉంటే 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టాలి. ఆ తర్వాత రోజుకు ఒంటి విస్తీర్ణంలో చదరపు మీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, ఆరు గంటలకోసారి. పొటాషియం ఉన్న ఫ్లూయిడ్ ఎక్కించకూడదు. రింగర్ లాక్టేట్ కూడా వద్దు. పొటాషియం ఎక్కువుందని అలవాటుగా ఇన్సులిన్ ఇస్తే, కార్టిసాల్ లేని బిడ్డకు షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. సెలైన్, హైడ్రోకార్టిసోన్ పడితే చాలాసార్లు పొటాషియం దానంతటదే దిగుతుంది. ఈసీజీ చూస్తూ ఉండాలి.

గమనించండి, ఎనిమిదో రోజుకు కూడా క్యారియోటైపు రాలేదు. ఆడా మగా అన్నది తేలలేదు. ప్రాణం మాత్రం నిలబడింది. ఇంటివాళ్లు "ముందు ఏం బిడ్డో చెప్పండి, తర్వాత వైద్యం చూద్దాం" అనుకునే చోట ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడమే మొదటి చికిత్స.

ఎవరుగా పెంచాలి

పదమూడో రోజు క్యారియోటైపు వచ్చింది: 46, ఎక్స్‌ఎక్స్. తల్లి, తండ్రి, నాయనమ్మ, పిల్లల డాక్టరు, ఎండోక్రినాలజిస్టు, కౌన్సెలర్ కూర్చున్నారు. మొదట మాట్లాడింది నాయనమ్మ. "పిలగాడన్నరు గద సార్. ఊరంత మిఠాయి పంచినం. ఇప్పుడు ఆడపిల్లంటే ఏం చెప్పాలె? పిలగాని లెక్కనే పెంచుకుంటం."

ఈ మాటలో మొదటి మగబిడ్డ పోయిన దుఃఖం ఉంది, వారసుడి లెక్క ఉంది, ఊరి ముందు తలదించుకోవాల్సి వస్తుందన్న భయం ఉంది. దాన్ని మూఢత్వమని కొట్టేస్తే ఆమె మళ్లీ ఆసుపత్రి గుమ్మం ఎక్కదు, మందుల బాధ్యత చూసేదీ ఆమే. ఆమెకు చెప్పాల్సింది శరీరం సంగతీ, దానితో పాటు అనుభవం చెప్పే సంగతీ. గర్భాశయం, అండాశయాలు ఉన్నాయి. మందులు సరిగా వాడితే నెలసరి వస్తుంది, పిల్లలు పుట్టే అవకాశం ఉంది. మగపిల్లవాడిగా పెంచితే ఆ అవయవాలు తీసేయాల్సి రావచ్చు, జీవితాంతం టెస్టోస్టెరోన్ ఇవ్వాలి, వీర్యకణాలు ఎప్పటికీ ఉండవు. సీఏహెచ్‌తో పుట్టి ఆడపిల్లలుగా పెరిగిన 250 మంది ఎక్స్‌ఎక్స్ వ్యక్తుల సమాచారాన్ని 2005లో ఒకచోట చేర్చి చూస్తే 95 శాతం మంది తమను స్త్రీలుగానే ఎరుగుదురు. 5 శాతం మందికి ఆ విషయంలో తీవ్రమైన ఇబ్బంది ఉంది. అందుకని ఆడపిల్లగా పెంచమని సలహా ఇచ్చారు. అది సలహానే, తీర్పు కాదు. ఇప్పటికి తెలిసినదాన్ని బట్టి తీసుకున్న నిర్ణయమని, ఆ 5 శాతంలో ఈ బిడ్డ లేదని ఎవరూ హామీ ఇవ్వలేరని అదే రోజు చెప్పారు, కేస్ షీటులో రాశారు.

"46, ఎక్స్‌ఎక్స్ అని వచ్చింది కాబట్టి ఆడపిల్ల" అన్న తర్కంతో ఈ సలహా ఇవ్వలేదు. ఇది తేలిగ్గా పొరబడే చోటు. క్రోమోజోములే జెండర్‌ను తేల్చేస్తే, ఆండ్రోజన్లు, అంటే మగ హార్మోన్లు, శరీరానికి అసలే పట్టని 46, ఎక్స్‌వై వ్యక్తులను ఏమనాలి? వాళ్లు ఆడపిల్లల్లాగే పుట్టి, పెరిగి, చాలావరకు స్త్రీలుగానే బతుకుతారు. పదహారేళ్లు వచ్చినా నెలసరి రాలేదని చూపించుకున్నప్పుడే విషయం తెలుస్తుంది. టెస్టోస్టెరోన్‌ను ఇంకో రూపంలోకి మార్చే ఎంజైము చాలని 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపంలో ఇంకో రకం. అవీ 46, ఎక్స్‌వైనే, ఆడపిల్లలుగా పెరిగినవాళ్లలో సగానికి పైగా యుక్తవయసు తర్వాత మగవాళ్లుగా మారి బతికారు. ఒకే క్రోమోజోములు, రెండు తీర్లు. కాబట్టి పెంపకం సలహా జబ్బు పేరును బట్టి, ఆ జబ్బున్న పెద్దవాళ్లు ఎలా బతుకుతున్నారన్న దాన్ని బట్టి ఇవ్వాలి, ఒక్క ల్యాబు రిపోర్టును బట్టి కాదు.

రికార్డు పని ఇక త్వరగా ముగించాలి. జనన మరణాల నమోదు చట్టం 1969 కింద గడువు 21 రోజులు. ఆ లోపు ఆసుపత్రి పంపే నివేదికలోనే సరైన వివరం పోతే తర్వాత సవరణ కోసం తిరగక్కర్లేదు. ఇప్పటికే తప్పు పోయి ఉంటే అదే చట్టం 15వ సెక్షన్ కింద దిద్దించవచ్చు. పేరు లేకుండా కూడా నమోదు అవుతుంది, పేరు 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు. కిట్ నమోదులో పడిన గడిని కూడా ఆసుపత్రే సరిచేయించాలి, తల్లిని తిప్పకూడదు. ఈ ఇంట్లో తొట్టెల 21వ రోజు. ఊరికి చెప్పే వాక్యం ఒక్కటే ఉండాలి, ఇంట్లో అందరూ అదే చెప్పాలి: "పుట్టినప్పుడు చూసి తప్పుగా చెప్పిన్రు, పరీక్షల ఆడపిల్లని తేలింది. ఒంట్లో ఉప్పు నిలువని జబ్బుంది, మందులేస్తున్నం." ఇందులో అబద్ధం లేదు, అడిగేవాళ్లకు ఇంకో ప్రశ్న మిగలదు.

ఆపరేషన్ గురించి

ఆడపిల్ల అని చెప్పగానే తండ్రి అడిగేది, "మరి ఆ భాగం ఎప్పుడు తీసేస్తారు?" తొందరలేదు. మూత్రం ధారగా వస్తోందా, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తోందా అన్నవి వైద్య కారణాలు. అవి ఉంటే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. చూడటానికి ఆడపిల్లలా ఉండాలన్నది బిడ్డ అవసరం కాదు, చూసేవాళ్ల అవసరం. చిన్నప్పుడే కత్తి పెడితే స్పర్శ పోవచ్చు, యోని దారి మళ్లీ మూసుకుపోవచ్చు, యుక్తవయసులో మళ్లీ ఆపరేషన్ కావాల్సి రావచ్చు. పోయిన స్పర్శ తిరిగి రాదు. మందులు సరిగా పడితే ఆ భాగం పెరగడం ఆగుతుంది, ఒళ్లు ఎదిగేకొద్దీ అంత ఎత్తుగా కనిపించదు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఇచ్చిన తీర్పు తర్వాత తమిళనాడు ప్రభుత్వం ఇంటర్‌సెక్స్ శిశువులకు ప్రాణాపాయం లేని సందర్భాల్లో ఇలాంటి ఆపరేషన్లను నిషేధించింది. మాల్టా 2015లోనే చట్టం చేసింది. మా అభిప్రాయం స్పష్టం: ఆ 5 శాతం అనిశ్చితి ఉన్నంతకాలం వెనక్కి తీసుకోలేని పని బిడ్డ నోటి మాట రాకముందు చేయకూడదు. సర్జన్లలో దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. కుటుంబానికి రెండు వాదనలూ చెప్పాలి, తొందరపెట్టకూడదు.

స్నానం, లంగోటా మార్చడం ఇంట్లో ఇద్దరే చూసుకోవడం, అంగన్‌వాడీకి పంపేటప్పుడు మరుగుదొడ్డి సంగతి టీచరొక్కరికే చెప్పడం లాంటి చిన్న ఏర్పాట్లు ఆపరేషన్ ఒత్తిడిని చాలావరకు తగ్గిస్తాయి.

ఇంటికెళ్లాక

డిశ్చార్జి నాటికి బిడ్డ ఒంటి విస్తీర్ణం 0.2 చదరపు మీటర్లు. హైడ్రోకార్టిసోన్ రోజుకు చదరపు మీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే 1 మిల్లీగ్రాము చొప్పున మూడు పూటలు. 5 మిల్లీగ్రాముల మాత్రను రెండు చెంచాల మధ్య మెత్తగా నలిపి 5 మిల్లీలీటర్ల నీళ్లలో కలపాలి. అది కరగదు, పొడి అడుగున దిగిపోతుంది. కలిపిన వెంటనే సిరంజితో 1 మిల్లీలీటరు తీసి పోసి, మిగిలింది పారబోయాలి. దాచి సాయంత్రం పోస్తే పైనున్న నీళ్లే పోతాయి. పూటకో మాత్ర లెక్కన నెలకు 90. ఆల్డోస్టెరోన్ బదులు ఇచ్చే ఫ్లూడ్రోకార్టిసోన్ 100 మైక్రోగ్రాముల మాత్ర రోజుకొకటి. ఉప్పు రోజుకు 1 గ్రాము: ఫార్మసీలో తూచి పొట్లాలు కట్టించాలి, ఒక పొట్లం 10 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, పిండిన పాలలో 1 మిల్లీలీటరు చొప్పున రోజుకు పదిసార్లు. చెంచాతో అంచనా వేయమని చెప్పకూడదు, ఒక టీ చెంచాలో ఐదారు గ్రాములు పడుతుంది.

చిన్న ఊళ్లలో హైడ్రోకార్టిసోన్ మాత్రలు దొరకవు, మందుల షాపులో ప్రెడ్నిసలోన్ ఇచ్చి పంపుతారు. దాంతో పిల్లల ఎత్తు ఆగిపోతుంది. నెల సరుకు ఎప్పుడూ అదనంగా ఇంట్లో ఉండాలి. జ్వరం 38 డిగ్రీలు దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 39 దాటితే మూడింతలు. వాంతులై మందు నిలవకపోతే 25 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తొడకు వేసి ఆసుపత్రికి తేవాలి. మూడేళ్లు దాటాక పన్నెండేళ్ల దాకా ఆ మోతాదు 50. ఈ వివరాలు తెలుగులో రాసిన కార్డు తల్లి దగ్గర, ఏఎన్ఎం దగ్గర ఒక్కోటి.

ఇక్కడ జెండర్ మళ్లీ లోపలికి వస్తుంది, ఈసారి చప్పుడు లేకుండా. ఆడపిల్ల అని తేలాక కొన్ని ఇళ్లలో బస్సు ఛార్జీలు బరువవుతాయి. మందు రెండు పూటలే అవుతుంది. "స్టెరాయిడ్లట, వద్దు" అన్న మాట మగపిల్లవాడి విషయంలో కంటే తొందరగా వినపడుతుంది. ఎవరూ కావాలని చేస్తున్నామనుకోరు. అందుకే ఫాలోఅప్‌లో "మందులు వేస్తున్నారా" అని అడగకుండా డబ్బా తెమ్మని మాత్రలు లెక్కపెట్టాలి. 90లో 40 మిగిలితే నిందించకుండా కారణం అడిగి, జిల్లాలోనే మందు అందే ఏర్పాటు చూడాలి.

నాలుగేళ్లప్పుడు వచ్చిన ఫిర్యాదు

పాప ఎత్తు, బరువు బాగున్నాయి, బీపీ మామూలు. తల్లి దిగులు వేరే: "గౌను వేసుకోదు సార్. మగపిలగాండ్లతోనే ఆడుతది, బొమ్మలు ముట్టదు, ట్రాక్టరే కావాలంటది. మందు చాలుతలేదా?" నాయనమ్మ అప్పటికే డోసు పెంచమని అడిగి ఉంది.

కడుపులో ఉన్నప్పుడు ఆండ్రోజన్లు ఎక్కువ తగిలిన ఆడపిల్లలు మగపిల్లల ఆటలు, బండ్లు ఎక్కువగా ఇష్టపడతారని చాలా అధ్యయనాల్లో తేలింది. అది నిజం. కానీ ఆట ఇష్టం వేరు, తాను ఎవరన్న ఎరుక వేరు. ట్రాక్టరు ఇష్టపడే ఆ పిల్లల్లో అత్యధికులు తమను అమ్మాయిలనే అంటారు. ట్రాక్టరు ఇష్టపడటానికి అసలే జబ్బూ అక్కర్లేదు. ఆడపిల్ల గౌను వేసుకోవాలి, బొమ్మతో ఆడాలన్నది సమాజం రాసుకున్న నియమం. దానికి హైడ్రోకార్టిసోన్ మందు కాదు. డోసు పెంచితే ఇష్టాలు మారవు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒళ్లొస్తుంది, ఎత్తు ఆగుతుంది. డోసు నిర్ణయించేది ఏడాదికి ఎంత ఎత్తు పెరిగిందన్నది, రెండేళ్లు దాటాక ఏడాదికోసారి తీసే ఎముక వయసు ఎక్స్‌రే, రక్తంలో ఆండ్రోజన్ల స్థాయి. చర్మం నల్లబడటం, వయసుకు మించి ఎత్తు పెరగడం, ముందే వెంట్రుకలు రావడం చాలకపోతున్న గుర్తులు. ట్రాక్టరు ఆ జాబితాలో లేదు.

తల్లికి చెప్పింది: ఆడుకోనివ్వండి, తిట్టకండి, నిక్కరు వేసుకుంటే వేసుకోనివ్వండి. ఎప్పుడైనా "నేను ఆడపిల్లను కాను" అని పదేపదే, నెలల తరబడి అంటే, బాధపడుతుంటే, ఆ మాట మాకు చెప్పండి. అప్పుడు కూడా సమాధానం మందు డోసు కాదు. పిల్లల మానసిక నిపుణులతో తొందరలేకుండా, ముందే తీర్మానించుకోకుండా మాట్లాడించడం.

ఆలస్యంగా వచ్చే పిల్లలు

ప్రేడర్ 5వ దశలో పుట్టి, ఉప్పు జారని రకమైతే మగపిల్లవాడిగానే పెరుగుతారు. ఆరేడేళ్లకు గొంతు మారిందనో, వెంట్రుకలు వచ్చాయనో, వృషణాలు దిగలేదనో వస్తారు; కొందరు పదమూడో ఏట మూత్రంలో రక్తమని వస్తారు, అది నెలసరి. క్యారియోటైపు 46, ఎక్స్‌ఎక్స్ అని చూడగానే "నువ్వు అసలు అమ్మాయివి" అని చెప్పడం ఇక్కడ జరిగే ఘోరం. రిపోర్టులో అక్షరాలు రెండు చోట్లా ఒకటే, బతుకు వేరు. ఆ పిల్లవాడు పన్నెండేళ్లుగా అబ్బాయి, తనను అలాగే ఎరుగు. కార్టిసాల్ చికిత్స వెంటనే మొదలుపెట్టాలి, అది శరీరం సంగతి. మిగతా ఏదైనా, బట్టల నుంచి ఆపరేషన్ దాకా, అతన్ని అడిగి, అతనికి అర్థమయ్యేలా చెప్పి, అతని వేగంతోనే సాగాలి. అతను అబ్బాయిగానే ఉంటానంటే నెలసరి ఆపే మందులున్నాయి.

బిడ్డకు ఎప్పుడు, ఏం చెప్పాలి

మూడు నాలుగేళ్లకు: "నీ ఒంట్లో ఒక మందు తయారవ్వదు, అందుకే రోజూ వేసుకుంటున్నాం." ఏడెనిమిదేళ్లకు: "అందరి ఒళ్లూ ఒకేలా ఉండదు, నీ కింది భాగం కాస్త వేరుగా ఉంటుంది, అది తప్పు కాదు." పది, పదకొండుకు నెలసరి గురించి, దారి సరిపోతుందో లేదో చూసే పరీక్ష గురించి. పద్నాలుగు, పదిహేనుకు క్రోమోజోములు, పుట్టినప్పుడు జరిగిందంతా, తన ఫైలుతో సహా. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది అప్పుడు తన ప్రశ్న. దాచిపెడితే పక్కింటివాళ్ల నోటి నుంచో, పాత డిశ్చార్జి కాగితంలోనో తెలుస్తుంది, అలా తెలిసిన పిల్లలు మందు మానేస్తారు. సీఏహెచ్‌లో మందు మానడమంటే ఏమిటో ఎనిమిదో రోజు చూశాం.

తర్వాతి కాన్పు

ఈ దంపతులకు ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, పుట్టేది ఎవరైనా. బిడ్డ సీవైపీ21ఏ2 జన్యు పరీక్ష, తల్లిదండ్రుల పరీక్ష ముందే చేయించి ఫైలులో ఉంచితే తర్వాతి గర్భంలో 10 నుంచి 12 వారాల మధ్య పరీక్ష సాధ్యమవుతుంది. చేయించుకోకపోయినా, ఆ కాన్పు తప్పకుండా పిల్లల డాక్టరున్న ఆసుపత్రిలోనే జరగాలి. పుట్టిన బిడ్డ మగబిడ్డలా నిక్షేపంగా కనిపించినా మూడో రోజు 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరోన్‌కు రక్తం పంపాలి, రిపోర్టు వచ్చేదాకా ఇంటికి పంపకూడదు. తల్లి దగ్గరుండే తల్లీబిడ్డల రక్షణ (ఎంసీపీ) కార్డు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఈ సంగతి ఇప్పుడే రాసి పెట్టాం.